ఇంజన్ ఆన్‌లో పెట్టి గంటల తరబడి కారు నిలబెడితే ఏమవుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వారంలో ఐదు రోజులు ఒకరిని దింపి, వాళ్ళ పని అయ్యేదాకా కారులోనే కూర్చుంటారు. ఏసీ కోసం రోజుకు గంటా పావు ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. పొద్దున బయల్దేరే ముందు పది నిమిషాలు వేడెక్కిస్తారు. కారు తీయని శని, ఆదివారాల్లో కూడా బ్యాటరీ డౌన్ అవుతుందేమోనని పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. పెట్రోల్ కారు, కొని రెండేళ్ళయింది, 22,000 కి.మీ. తిరిగింది, ఏడాదికోసారి ఆయిల్ మారుస్తున్నారు. దీనివల్ల ఇంజన్ పాడవుతుందా, మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేస్తే సెల్ఫ్ మోటార్ పోతుందా అని అడిగారు.

ఇంజన్ పాడైపోదు. కానీ మీటరు మీద కనిపించే కిలోమీటర్ల కన్నా చాలా ఎక్కువ వాడకం దాని మీద పడుతోంది. ముందు దెబ్బతినేది ఆయిల్. పాడైన ఆయిల్‌తోనే ఏళ్ళ తరబడి నడిపితే అప్పుడు ఇంజన్ వంతు వస్తుంది. ఇంకో మాట, మీరు ఊహించి ఉండరు: మీ మూడు అలవాట్లలో అన్నిటికన్నా చెడ్డది ఆ గంటా పావు కాదు. శని, ఆదివారాల్లో స్టార్ట్ చేసి ఆపేసే ఆ పది నిమిషాలే. దాన్ని ఈ వారమే మానేయండి. ఎందుకో కింద చెబుతాను. ఇరవై నాలుగేళ్ళుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న చేతులతో రాస్తున్నది కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఒక కేసుతో మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట ఒకాయన కారు తెచ్చి సంతోషంగా చెప్పాడు, ‘మా బండి అస్సలు ఆయిల్ తాగదండీ, పోయినసారి మార్చి మూడు వేల కిలోమీటర్లయింది, తగ్గకపోగా కొంచెం పెరిగింది కూడా!’ ఇంజన్‌లో ఆయిల్ తగ్గొచ్చు, ఉన్నంతే ఉండొచ్చు. పెరగడానికి మాత్రం ఏ దారీ లేదు, బయటి నుంచి ఇంకేదో వచ్చి కలిస్తే తప్ప. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల పుల్ల) లాగి చూశాను. పై గీత దాటి వేలెడు మందాన ఉంది. చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తే జిడ్డు పట్టు లేదు, నీళ్ళలా జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన గుప్పుమంది. కింద బోల్టు విప్పి దింపితే, నింపింది మూడున్నర లీటర్లు, కొలత డబ్బాలోకి వచ్చింది నాలుగు లీటర్ల పైమాటే. ఆ అరలీటరు చిల్లర ఎక్కడిది? ఆయన ఇంటి నుంచి ఆఫీసు రెండు కిలోమీటర్లు. పొద్దున పావుగంట వేడెక్కించడం, రెండు కిలోమీటర్లు పోవడం, ఆపడం. సాయంత్రం మళ్ళీ అదే. ఆ ఇంజన్ నిండుగా వేడెక్కిన రోజే లేదు.

చల్లగా ఉన్న ఇంజన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. మామూలుగా 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోల్ సరిపోతుంది, బరువు లెక్కన. చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) అంతకన్నా ఎక్కువ పెట్రోల్ వదులుతుంది, లేకపోతే ఇంజన్ వణికి ఆగిపోతుంది. కాలకుండా మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీద చెమ్మలా పడుతుంది. గోడల మీదుండే పల్చటి ఆయిల్ పొరను కడిగేసి, పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి, సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జారుతుంది. రింగులు గోడకు గట్టిగా అదుముకోవాలంటే వాటి వెనక మంట తాలూకు ఒత్తిడి ఉండాలి. 700, 800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర, ఏ బరువూ లేకుండా తిరుగుతున్న ఇంజన్‌లో ఆ ఒత్తిడి అంతంతమాత్రం. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే కొడతారు కాబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువ. నేను చెప్పిన కారు ఆ రకమే.

పెట్రోల్‌తో పాటు నీళ్ళు కూడా. చాలామందికి తెలియని సంగతి: ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి, ఆవిరి రూపంలో. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది. చల్లటి పొద్దున సైలెన్సర్ చివర నీళ్ళు కారేది అందుకే, అందులో భయపడాల్సింది లేదు. కొంత మాత్రం రింగుల పక్క నుంచి కింద క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజన్ అడుగు భాగంలోకి చేరుతుంది. ఇంజన్ వేడిగా ఉంటే అది ఆవిరై, పీసీవీ వాల్వ్ (ఆ ఆవిరిని బయటికి లాగే కవాటం) ద్వారా మళ్ళీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్‌కు గాలి వెళ్ళే దారిలోకి వెళ్ళి బయటపడుతుంది. చల్లగా ఉంటే అక్కడే నీరై ఆయిల్‌లో కలుస్తుంది.

శని, ఆదివారాల పది నిమిషాలు చెడ్డవని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ పది నిమిషాల్లో ఇంజన్ పెట్రోల్, నీళ్ళు కలిపి సంప్‌లోకి దింపుతుంది. వాటిని ఆవిరి చేసేంత వేడెక్కే లోపే మీరు తాళం తిప్పేస్తారు. మర్నాడు ఇంకో పొర. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూపే ముల్లు మధ్యలోకి రావడానికి ఐదు పది నిమిషాలు చాలేమో గానీ, ఆయిల్ వేడి దానికన్నా ఎప్పుడూ వెనకే ఉంటుంది. కదిలే కారులో కూడా ఆయిల్ నిండుగా వేడెక్కడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. నిలబడ్డ కారులో ఇంకా ఎక్కువ.

మీ గంటా పావు ఏసీ ఐడ్లింగ్ (నిలబెట్టి ఇంజన్ నడపడం) అలా కాదు. అప్పటికే మీరు నడిపి వచ్చి ఉంటారు, ఇంజన్ నిండుగా వేడి మీద ఉంటుంది, థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపులో ఉంచే కవాటం) దాన్ని చల్లబడనివ్వదు, ఏసీ కంప్రెసర్ కాస్త బరువు కూడా వేస్తుంది. పెట్రోల్ కలవడం చాలా తక్కువ. దాని లెక్క వేరే రకంగా చూడాలి, కిలోమీటర్లలో కాకుండా గంటల్లో.

గంటల లెక్క

నిలబడ్డ కారుకు కిలోమీటర్ల మీటరు కదలదు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ వేడికి మగ్గుతూనే ఉంటుంది. జనరేటర్లకు, ట్రాక్టర్లకు, జేసీబీలకు సర్వీస్ గంటల్లో చెప్పేది ఇందుకే. కార్ల విషయంలో ఫోర్డ్ కంపెనీ తన పోలీసు కార్లకు ఒక అంచనా చెప్పింది: ఒక గంట ఐడ్లింగ్ అంటే సుమారు 33 మైళ్ళు, అంటే 53 కి.మీ. నడిపినంత అరుగుదల అని. పోలీసు కార్లు రోజంతా లైట్లు, రేడియో ఆన్‌లో పెట్టుకుని నిలబడే ఉంటాయి కదా, వాళ్ళకు ఆ లెక్క అవసరమైంది. మీ ఇంజన్‌కు కచ్చితంగా అదే అంకె వర్తిస్తుందని నేననను. నా దృష్టిలో అది కొంచెం పెద్ద అంకె. అయినా చేతికి దొరికిన కొలబద్దతో ఒకసారి కొలుద్దాం.

రోజుకు గంటా పావు, వారానికి ఐదు రోజులు, సెలవులు తీసేస్తే ఏడాదికి 50 వారాలు: 312 గంటలు. రెండేళ్ళకు 625 గంటలు. 53తో గుణిస్తే 33,000 కి.మీ. దాటింది. మీరు నిజంగా తిరిగిన 22,000 దీనికి కలిపితే 55,000. ఏడాదికోసారి, అంటే 11,000 కి.మీ.కి ఆయిల్ మారుస్తున్నానని మీరనుకుంటున్నారు. ఆయిల్ మాత్రం 27,000 మోస్తోంది. ఆ అంకెను సగానికి సగం కొట్టేసినా 19,000 అవుతుంది.

ఇంకో లెక్కా ఉంది, నేను వాడేది ఇదే. సర్వీస్ బుక్‌లో 10,000 కి.మీ. అని ఉంటే, ఊళ్ళోనూ బయటా కలిపి సగటున గంటకు 40 కి.మీ. వేగం అనుకుంటే, అది 250 గంటలు. మీరు ఏడాదికి ఐడ్లింగ్‌లోనే 312 గంటలు గడుపుతున్నారు, నడిపే గంటలు అదనం. అదే సర్వీస్ బుక్‌లో వెనక పేజీల్లో ‘కఠిన పరిస్థితుల వాడకం’ అని ఒక పట్టిక ఉంటుంది, ఎవరూ చదవరు. దుమ్ము, చిన్న చిన్న దూరాలు, బరువు లాగడం, వాటి పక్కనే ఎక్కువసేపు ఐడ్లింగ్ అని చాలా కంపెనీలు స్పష్టంగా రాస్తాయి. అక్కడ ఆయిల్ గడువు మామూలు గడువులో దాదాపు సగం ఉంటుంది. మీరు ఆ పట్టిక కిందికే వస్తారు. ఆరు నెలలకోసారి మార్చండి.

ఇంజన్ నడిచిన గంటలు కొన్ని కార్లలో డిస్‌ప్లేలోనే కనిపిస్తాయి, కొన్నిటిలో స్కానర్ పెడితే వస్తాయి. పాత కారు కొనేవాళ్ళకు ఇది మంచి చిట్కా: మీటరు మీది కిలోమీటర్లను గంటలతో భాగించండి. 40,000 కి.మీ.కి 1,000 గంటలైతే సగటు 40, బాగా తిరిగిన బండి. అదే 2,500 గంటలుంటే సగటు 16. ఆ కారు బతుకంతా ట్రాఫిక్‌లోనో, ఎవరికోసమో ఎదురుచూడ్డంలోనో గడిచిందని అర్థం.

ఆయిల్ ప్రెషర్ సంగతి

ఆయిల్ పంపు ఇంజన్‌తో పాటే తిరుగుతుంది, ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. నడుపుతున్నప్పుడు మూడు నాలుగు బార్ల ప్రెషర్ ఉండే ఇంజన్‌లో, వేడి మీద ఐడ్లింగ్‌లో ఒక బారుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బేరింగులకు అది సరిపోతుంది, కంపెనీ ఆ లెక్క వేసే తయారుచేస్తుంది. ఐడ్లింగ్‌లో పెడితే క్రాంక్ బేరింగులు అరిగిపోతాయని చెప్పేవాళ్ళ మాట అంతగా పట్టించుకోకండి. కానీ ఆయిల్ పల్చబడి ఉంటే ఆ ఒక బారు ఇంకా తగ్గుతుంది. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ), దాన్ని తిప్పే టైమింగ్ చైన్, ఆ గొలుసును బిగువుగా ఉంచే టెన్షనర్ లాంటివి ఆయిల్ బాగున్నంతకాలమే బాగుంటాయి. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు సెకన్ల పాటు గొలుసు గరగరమని చప్పుడు చేసే ఇంజన్లు విప్పినప్పుడు, లోపల నల్లటి బంకలాంటి ఆయిల్ కనపడ్డ సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. ఇంజన్‌ను చంపింది ఐడ్లింగా, మార్చని ఆయిలా అని అడిగితే, రెండోదే అంటాను.

ఇక ప్లగ్గులు. స్పార్క్ ప్లగ్ కొస దాదాపు 450 నుంచి 500 డిగ్రీలకు వేడెక్కితే దాని మీద పట్టిన మసిని అదే కాల్చేసుకుంటుంది. ఐడ్లింగ్‌లో, అందులోనూ చల్లటి ఇంజన్‌లో, ఆ వేడికి చేరదు. నల్లటి పొడి మసి పేరుకుని కొన్నాళ్ళకు మిస్‌ఫైర్ (మధ్యమధ్య పెట్రోల్ అంటుకోకపోవడం) మొదలవుతుంది, పికప్ తగ్గుతుంది. సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా అంతే, 250, 300 డిగ్రీలు దాటితే గానీ పని మొదలుపెట్టదు. ఆ లోపు వచ్చే పొగ అంతా ముడి పొగే. వేడెక్కిన ఇంజన్‌కు ఈ రెండూ పెద్ద సమస్య కాదు. హైవే మీద ఓ అరగంట నడిపితే చాలావరకు వాటంతటవే శుభ్రపడతాయి.

డీజిల్ వాళ్ళు ఈ భాగం మాత్రం తప్పక చదవండి

మీది పెట్రోల్ కారే. కానీ ఈ సమాధానం చదివేవాళ్ళలో డీజిల్ వాళ్ళూ ఉంటారు, అసలు కష్టం వాళ్ళదే. డీజిల్ ఇంజన్ ఐడ్లింగ్‌లో చాలా తక్కువ ఇంధనం తాగుతుంది, అందువల్ల చల్లగా తిరుగుతుంది. సగం కాలిన డీజిల్ మసి అవుతుంది. ఆ మసి ఈజీఆర్ వాల్వ్‌లో (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే కవాటం), ఇన్‌టేక్ గొట్టాల్లో తారులా గడ్డకడుతుంది, డీజిల్ చిమ్మే నాజిల్స్ కొసలకు పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి బరువు లేకుండా తిరిగిన డీజిల్ ఇంజన్లలో సిలిండర్ గోడ అద్దంలా నున్నగా మెరుస్తుంది. ఆయిల్ నిలవడానికి ఉండాల్సిన సన్నటి గీతలు పూడిపోయి, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. జనరేటర్లు రిపేర్ చేసేవాళ్ళకు ఇది రోజూ చూసే రోగమే.

కొత్త డీజిల్ కార్లలో డీపీఎఫ్ ఉంటుంది, మసిని పట్టి ఉంచే జల్లెడ. అది నిండాక దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి మసిని కాల్చుకోవాలి. ఐడ్లింగ్‌లో మసి చేరుతుంది, ఆ వేడి మాత్రం రాదు. నా దగ్గరికొచ్చిన ఒక డీజిల్ బండి యజమాని పని ఎలాంటిదంటే, రోజుకు నాలుగైదు గంటలు బండిలోనే కూర్చుని ఫోన్లు, కాగితాలు చూసుకోవాలి. డీపీఎఫ్ లైటు వెలిగింది. బండి తనంతట తాను కాల్చుకోవడం మొదలుపెడుతుంది, సగంలో ఈయన ఆపేస్తాడు. మళ్ళీ మొదలు, మళ్ళీ సగం. అలా కాల్చుకోవడానికి ఇంజన్ అదనంగా డీజిల్ కొడుతుంది కదా, ఆ డీజిల్‌లో కొంత సంప్‌లోకి దిగింది. చివరికి జల్లెడ నిండింది, ఆయిల్ పొంగింది, బండి 3,000 ఆర్‌పీఎం దాటనని మొరాయించింది. ఆయన ఏడాదికి నడిపింది 6,000 కి.మీ. ‘తక్కువ తిప్పిన బండికి ఇన్ని రోగాలా’ అని ఆయన బాధ. తక్కువ తిప్పినందుకే వచ్చాయని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

టర్బో (ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే చక్రం) ఉన్న ఇంజన్‌కు, పెట్రోలైనా, డీజిలైనా, హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక అర నిమిషం, నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపడం మంచి అలవాటే. టర్బోలోని ఆయిల్ మాడకుండా ఉంటుంది. నిమిషం చాలు, పావుగంట అక్కర్లేదు.

వేడి: నేను ఎక్కువ భయపడేది దీనికే

కదిలే కారుకు రేడియేటర్ మీదికి గాలి దానంతటదే వస్తుంది. నిలబడ్డ కారుకు ఆ ఫ్యానే దిక్కు. ఫ్యాన్ మోటారు, రిలే, కనెక్టర్, వీటిలో ఏ ఒక్కటి పోయినా, కూలెంట్ కాస్త తగ్గినా, రోడ్డు మీద ఏ లక్షణమూ కనపడదు. నిలబెట్టి ఏసీ వేసినప్పుడే బయటపడుతుంది. ఒకతను ఏసీ వేసుకుని సీటు వెనక్కి వాల్చి నిద్రపోయాడు. ఫ్యాన్ కనెక్టర్ లోపల మాడిపోయి ఉందని అతనికేం తెలుసు? చెమట పట్టి మెలకువ వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. హెడ్ (ఇంజన్ పై భాగం) వంగింది, దాని కింద ఉండే గ్యాస్కెట్ (సందు మూసే పొర) పోయింది. అతనికి ముందే ఒక సూచన అందింది, గమనించలేదు: నిలబడి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం తగ్గి, బండి కదలగానే మళ్ళీ చల్లబడుతుంటే ఫ్యాన్‌ను అనుమానించాలి. ఆ కారుకు వారం రోజులుగా అదే జరుగుతోందట, గ్యాస్ తగ్గిందేమో తర్వాత చూపిద్దాంలే అనుకున్నాడట.

కాబట్టి మీ గంటా పావులో పది నిమిషాలకోసారి టెంపరేచర్ ముల్లు వైపు చూడండి. ఏసీ వేసి ఓ ఐదు నిమిషాలు నిలబెట్టి, బయటికి దిగి ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినపడుతోందో లేదో నెలకోసారి సరిచూసుకోండి.

ప్రాణాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. షట్టర్ మూసిన గ్యారేజీలో, సెల్లార్‌లో, గాలి ఆడని చోట ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత లేవలేరు. సైలెన్సర్ ఎక్కడైనా చిల్లు పడి ఉంటే ఆరుబయట నిలబెట్టిన కారులోకి కూడా పొగ రావచ్చు. ఎండుగడ్డి మీద నిలబెట్టి ఇంజన్ నడపడమూ వద్దు, కింద కన్వర్టర్ వేడికి నిప్పంటుకుంటుంది.

సెల్ఫ్ మోటార్, బ్యాటరీ భయాలు

స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుంది, వినడానికి పెద్ద అంకె. కానీ లాగేది ఒకటి రెండు సెకన్లే. మొత్తం లెక్కేస్తే 0.1 ఆంపియర్-అవర్ కూడా ఉండదు. మీ బ్యాటరీలో ఉండేది 35 నుంచి 45 దాకా. బండి కదిలాక కొద్ది నిమిషాల్లో అది తిరిగి నిండిపోతుంది. సెల్ఫ్ మోటారు పదుల వేల స్టార్టులకు పనికొచ్చేలా చేసిన వస్తువు. మీరు రోజుకు నాలుగుసార్లు అదనంగా కొట్టినా ఏడాదికి వెయ్యి. దాని గురించి టెన్షన్ పడకండి. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి స్టార్ట్ అయ్యే కార్లలో సెల్ఫ్ మోటారు, బ్యాటరీ, బేరింగులు దానికి తగ్గట్టు ఇంకా గట్టివి వేస్తారు.

శని, ఆదివారాల సంగతి కూడా లెక్కతోనే చూద్దాం. ఆపి ఉంచిన కారు అలారం, కంప్యూటర్ కోసం 30 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు 0.7 ఆంపియర్-అవర్, రెండు రోజులకు ఒకటిన్నర. బాగున్న బ్యాటరీకి అది లెక్కే కాదు, రెండు వారాలు కదపకపోయినా స్టార్ట్ అవ్వాలి. శుక్రవారం ఆపిన కారు సోమవారం స్టార్ట్ కాకపోతే బ్యాటరీ ముసలిదైనా అయ్యుండాలి, ఎక్కడో కరెంటు లీకైనా అవుతుండాలి. దాన్ని చూపించాలి గానీ పది నిమిషాల ఐడ్లింగ్‌తో కప్పిపుచ్చకూడదు. పైగా ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) తన శక్తిలో సగం కూడా ఇవ్వకపోవచ్చు. లైట్లు, ఏసీ ఫ్యాన్ వేసి ఉంచితే బ్యాటరీకి మిగిలేది చాలా తక్కువ.

ఇక ఎంతసేపు ఆగాలంటే ఇంజన్ ఆపాలి? అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీ వాళ్ళు కొలిచి చెప్పింది పది సెకన్లు. అంతకన్నా ఎక్కువ ఆగేట్టయితే ఆపి స్టార్ట్ చేయడమే ఇంధనానికి లాభం. నేనంత పట్టుదలకు పోను. నిమిషం దాటి ఆగాల్సి వస్తుందని తెలిస్తే ఆపేస్తాను. చిన్న పెట్రోల్ ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు గంటకు 0.6 నుంచి 0.8 లీటరు తాగుతుంది, ఏసీతో లీటరు దాటొచ్చు. మీ 312 గంటలకు ఏడాదికి 300 లీటర్లు అటూ ఇటూ. ఆ పెట్రోల్‌తో మీ కారు ఎన్ని కిలోమీటర్లు పోతుందో మీరే లెక్కేసుకోండి.

పొద్దున వేడెక్కించడం అవసరమా?

నేను పని నేర్చుకున్న రోజుల్లో కార్బ్యురేటర్ బండ్లే ఎక్కువ. చోక్ లాగి, మూడు నాలుగు నిమిషాలు ఆగి, చోక్ మెల్లిగా తోస్తూ బయల్దేరేవాళ్ళం. లేకపోతే వీధి చివర ఆగిపోయేది. మా గురువైతే వేడెక్కని బండిని గేరులో వేస్తే చేతి మీద కొట్టేవాడు. ఆ బండ్లకు అది సరైన పద్ధతే. ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ పని కంప్యూటర్ చూసుకుంటోంది. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి ఇప్పటి ఆయిళ్ళు చలిలోనూ పల్చగానే ఉండి వెంటనే పైకి ఎక్కుతాయి. బండ్లు మారాయి, అలవాటు మాత్రం అలాగే మిగిలింది.

స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం ముల్లు 1,200, 1,500 దగ్గర ఉంటుంది, కాసేపటికి దిగుతుంది. సీటు బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకునే అర నిమిషం చాలు. తర్వాత మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు 2,000, 2,500 దాటనివ్వకుండా నెమ్మదిగా నడపండి. నడిపితేనే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది, గేర్‌బాక్స్, టైర్లు, షాకులు కూడా దానితో పాటు సర్దుకుంటాయి. నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి రేస్ చేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మైనస్ 20 డిగ్రీల చలి ఉండే చోట్ల సంగతి వేరు, అక్కడ నాలుగైదు నిమిషాలు ఆగడం సమంజసమే. అక్కడివాళ్ళు ఇంజన్‌కు కరెంటు హీటర్ కూడా పెట్టుకుంటారు.

హైబ్రిడ్ కార్లవాళ్ళకు ఈ గొడవ చాలావరకు లేదు. ఏసీ పెద్ద బ్యాటరీ మీద నడుస్తుంది, అది తగ్గినప్పుడు ఇంజన్ కొద్ది నిమిషాలు తిరిగి ఆగుతుంది. మీలా రోజూ ఎదురుచూసే పని ఉన్నవాళ్ళు తర్వాతి కారు అలాంటిది చూసుకుంటే మంచిదని నా అభిప్రాయం.

మీ విషయానికొస్తే, ఆ గంటా పావు పూర్తిగా మానేయమని చెప్పను. ఎండలో మూసిన కారులో ఏసీ లేకుండా కూర్చోమని చెప్పేవాడు ఎప్పుడూ కూర్చుని ఉండడు. నీడ దొరికితే నీడలో నిలబెట్టండి. ఓ ఇరవై నిమిషాలు ఏసీ వేసి చల్లబడ్డాక ఇంజన్ ఆపి, ఉక్కపోత మొదలైతే మళ్ళీ వేయండి. గంటా పావు కాస్తా నలభై నిమిషాలకు దిగుతుంది. వారంలో ఒకరోజు అరగంటకు తగ్గకుండా, ఆగకుండా నడిపే దారి పట్టండి.

రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా ఉన్న చోట పెట్టి, రెండు పనులు చేయండి. డిప్‌స్టిక్ తుడిచి మళ్ళీ పెట్టి తీయండి, ఆయిల్ పై గీత దాటిందా, పెట్రోల్ వాసన వస్తోందా చూడండి. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి. మూతకు మాత్రమే పాల మీగడలా తెల్లటి నురగ పట్టి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగులో ఉంటే అది చెమ్మే, గుడ్డతో తుడిచేసి ఓ వారం బాగా నడిపి మళ్ళీ చూడండి. డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ టీ రంగులోకి తిరిగి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గి ఉంటే అది ఐడ్లింగ్ వల్ల వచ్చింది కాదు, గ్యాస్కెట్ అనుమానం. ఇంజన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. మట్టం గీత దాటి పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం సర్వీస్ తేదీ దాకా ఆగకుండా ఈ వారంలోనే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. అలా మార్చాక వెయ్యి కిలోమీటర్లకు మళ్ళీ మట్టం పెరిగితే ఇంజెక్టర్ ఏదైనా కారుతోందేమో చూడమనండి.